పెనము క్రింది నిప్పు: దాని కన్ను, బుద్ధి, చేయి



అనకాపల్లి పేరు వినగానే మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది బెల్లము. చెఱకు నఱకు దినములలో శారదానది పరిసరములందు సాయంకాలము నడచిపోవువానికి ఎవరును దారి చూపనక్కఱలేదు. కాగుచున్న రసపు వాసనయే గానుగ యెక్కడ నున్నదో చెప్పును. ఇచ్చట 1913వ సంవత్సరముననే వ్యవసాయ పరిశోధన స్థానము నెలకొల్పబడి, చెఱకును గూర్చియు బెల్లమును గూర్చియు ఎంతయో కృషి చేసినది. 2022లో ఈ పట్టణము జిల్లాకు ముఖ్యస్థానమైనది. అయినను దీని పేరు దూరదేశములకు మోసికొనిపోయినవి బెల్లపు దిమ్మలే.

పెనము నెఱిగిన పెద్దలకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. పొయ్యినోటికడ నొకడు కూర్చుండి యెండిన పిప్పి నెగద్రోయుచుండును. పెనముకడ నింకొకడు నిలిచి, మడ్డి తీయుచు, పొంగును, బుడగను, రంగును చూచుచుండును. పాకపు చుక్కను చల్లని నీటిలో వైచి, వ్రేళ్లతో ఉండగట్టి చూచి, "మంట తగ్గింపుము" అని కేక వేయును. క్రిందివాడు వెంటనే తగ్గించును. చూచు కన్ను, నిర్ణయించు బుద్ధి, మంట నడపు చేయి, ఈ మూడును కలిసినపుడే దిమ్మ బంగారు రంగున దిగును. ఒకటి తప్పినచో పాకము లేతయైనను పోవును, మాడియైనను పోవును.

ఈ మూడు పనులును విద్యుత్తుచే చేయించు ఒక చిన్న పరికరమును గూర్చియు, అది చెడినపుడు రోగ మెచ్చట నున్నదో కనిపెట్టు విధమును గూర్చియు నేడు మనవి చేయదలచితిని. గడచిన చెఱకు కాలమున మా యింట ఈ పరికరము మూలమున కొంత ధనము పోయినది. ఒక ప్రాణము కూడ పోవలసినదే, తప్పినది. కావున నాకు తెలిసినది నలుగురికి చెప్పుట విధి యని తలచుచున్నాను.

మా తమ్ముని కుమారుడు చదువుకొన్నవాడు. దిమ్మలు కాక, సీసాలలో పోసి అమ్మదగిన బెల్లపు పాకమును పెరటిలో కాచి అమ్మవలెనని సంకల్పించినాడు. కొంత అప్పు చేసి, ఒక ఉక్కుపాత్రను కొని, దాని యడుగున 3000 వాట్ల హీటరు కడ్డీని చదునుగా అమర్చినాడు. ఒక తడవకు 10 లీటర్ల రసము. అందుండి సుమారు 8 కిలోల నీరు ఆవిరియై పోవలెను. చివరకు మిగులునది రమారమి 2 లీటర్ల పాకము. లెక్క కట్టినచో దీనికి 6 యూనిట్ల కరెంటు కావలెను. అనగా రెండు గంటలకు మించిన పని.

అతని పరికరమున నాలుగు అవయవములు గలవు. మొదటిది సెన్సారు, అనగా రసములో ముంచిన వేడిసూచి. ఇది కన్ను. రెండవది కంట్రోలరు. ఎన్ని డిగ్రీలవద్ద మంట ఆపవలెనో మనము చెప్పినది జ్ఞాపకముంచుకొని, కన్ను చెప్పినదానితో సరిచూచుకొనునది. ఇది బుద్ధి. మూడవది రిలే. కంట్రోలరు ఆజ్ఞ నందుకొని పెద్ద కరెంటును కలుపుటయు, విడుచుటయు దీని పని. ఇది చేయి. నాలుగవది హీటరు కడ్డీ. అదియే నిప్పు.

డిగ్రీలతో పాకమునకు సంబంధమేమని మీరడుగవచ్చును. నీరు మన ప్రాంతములలో, సముద్రమట్టమునకు దగ్గఱగా నుండుటచే, 100 డిగ్రీలవద్ద మరుగును. అందు చక్కెర చిక్కబడినకొలదియు మరుగు వేడి పెరుగును. నూటికి 70 పాళ్లు చక్కెర గల ద్రవము సుమారు 105 డిగ్రీలవద్ద మరుగును. సీసాలలో పోయు పాకమునకు ఇది చాలును. దిమ్మ కట్టవలెనన్నచో ఇంచుమించు 118 డిగ్రీలవఱకు పోవలెను. మన పెద్దలు ఉండగట్టి చూచినదానిని వేడిసూచి అంకెలలో చెప్పుచున్నది. అంతకంటె భేదము లేదు.

కుఱ్ఱవాడు కంట్రోలరును 105కు నిలిపి ఒక నెల చక్కని పాకము తీసినాడు. పిమ్మట నొక వారము పోసిన సీసాలన్నియు నాలుగైదు దినములలోనే నురుగు కట్టి, పులిసి, మూతలు ఎగజిమ్మినవి. కొన్నవారు తిరిగి తెచ్చి యిచ్చిరి. చెఱకు ముదురలేదని ఒకరనిరి. సున్నపు తేట చాలలేదని మఱియొకరనిరి. సీసాలు కడుగలేదని ఇంటి ఆడువారిమీద నేరము వచ్చినది. చివరకు కంట్రోలరే చెడినదని తలచి, అతడు క్రొత్తది కొని బిగించినాడు. మరునాటి పాకమును పులిసినది.

మా మేనమామలలో పెద్దవాడు నలుబదియేండ్లు పెనముకడ నిలిచినవాడు. ఆయన అంతవఱకు ఏమియు పలుకక, ఆ దినమున, "ఓరీ! చెఱకుది తప్పు, సున్నముది తప్పు, సీసాది తప్పు అని యెందఱిమీద మోపుదువు? నీ సూచి నిజము చెప్పుచున్నదనుటకు సాక్ష్యమేది?" అని యడిగెను.

"అంకె కనబడుచున్నది గదా, తాతా!" అని కుఱ్ఱవాడు బదులు చెప్పెను.

"కనబడు అంకె వేఱు, నిజము వేఱు. పాత్ర కడిగి వట్టి మంచినీళ్లు పోసి మరిగింపుము. నీళ్లు ఎప్పుడు మరుగునో ఎల్లరికిని తెలియును. నీ సూచికి తెలియునేమో చూతము."

నీళ్లు కళపెళ మరిగినవి. సూచి చూపిన అంకె 102న్నర! ఉన్నదానికంటె రెండున్నర డిగ్రీలు ఎక్కువ చెప్పుచున్నదన్నమాట. అది 105 అని చెప్పి మంట ఆపించినపుడు పాకపు నిజమైన వేడి 102న్నర మాత్రమే. ఆ వేడికి చక్కెర నూటికి 70 పాళ్లు కాదు, 55 పాళ్ల దరిదాపున నుండును. అంత పలుచని పాకము పులియక యేమగును?

సూచి యేల అబద్ధమాడినది? ఈ జాతి సూచిలో సన్నని ప్లాటినపు తీగ యుండును. సున్న డిగ్రీలవద్ద దాని నిరోధము 100 ఓములు. వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగినపుడు నిరోధము ఓములో పదింట నాలుగు పాళ్లకంటె కొంచెము తక్కువగా పెరుగును. కంట్రోలరు ఆ నిరోధమును కొలిచి డిగ్రీలుగా మార్చుకొనును. దారిలో నున్న అతుకునకు చిలుము పట్టి ఒక్క ఓము అడ్డు చేరినను, కంట్రోలరు దానిని వేడియే యని నమ్మి, రెండున్నర డిగ్రీలకు పైగా ఎక్కువ లెక్కించును. పెరటిలో దినదినమును లేచిన ఆవిరి మాయింటి పరికరపు అతుకునకు తగిలి పచ్చని చిలుము పట్టించినది. దానిని గీసి, శుభ్రముచేసి, మరల బిగించి, ఆవిరి చొరకుండ మూసితిమి. నీళ్లు 100 వద్ద మరిగినవి. పాకము కుదిరినది. కొన్న క్రొత్త కంట్రోలరు మాత్రము అటకమీద నున్నది.

దీనివలన తెలియునది యేమనగా, బుద్ధిని మార్చుటకు పూర్వము కన్నును పరీక్షింపవలెను. ఈ పరీక్షకు కావలసినవి ఒక చెంబెడు నీళ్లును, కొంచెము ఓపికయును. సూచి పూర్తిగా తెగినచో కంట్రోలరు అర్థములేని పెద్ద అంకెనో, తప్పు గుర్తునో చూపును. అది మంచిదే, దొంగ బయటపడినట్లు. కొంచెము మాత్రమే తప్పు చెప్పు సూచియే అపాయకరమైనది. ఏలయనగా దానిని ఎవరును అనుమానింపరు.

ఇక రెండవ రోగము. ఒక నెల గడచిన పిమ్మట ఒక రాత్రి అంకె 105కు వచ్చినది. కంట్రోలరుమీది దీపము ఆరినది. అనగా బుద్ధి "చాలు" అని చెప్పినది. కాని మరుగు తగ్గలేదు. 106, 108, 110. పాకము నల్లబడ నారంభించినది. కుఱ్ఱవాడు కంగారుపడి ఇనుప గరిటె తీసికొని పాకమును తోడబోయినాడు. మా మామ పెద్దకేక వేసి, గరిటె పాత్రను తాకకమునుపే మెయిన్ స్విచ్చిని క్రిందికి లాగెను. "ముందు కరెంటు. పాకము తరువాత. పాకము పోయిన రేపు కాచుకొందువు" అనెను. అప్పుడు కుఱ్ఱవాడు తల వంచుకొని, నాలుగు దినములనుండి గరిటె పట్టినపుడు చేయి చిమచిమలాడుచున్నదనియు, చెప్పినచో పెద్దలు పని మాన్పింతురని భయపడి దాచితిననియు ఒప్పుకొన్నాడు. ఆ మాట విని మా వదిన నేలమీద కూలబడినది.

మరునాడు తెలిసినవానిని పిలిపించి పరీక్షింపగా రెండు తప్పులు బయటపడినవి. మొదటిది రిలే. ఇందు కదలు భాగము లుండవు. లోపలి పదార్థమే కరెంటును విడుచును, ఆపును. 3000 వాట్ల కడ్డీ 230 ఓల్టులవద్ద 13 ఆంపియర్లు తీసికొనును. అంత కరెంటు ప్రవహించునపుడు రిలేలోనే పదునైదు వాట్ల దరిదాపు వేడి పుట్టును. ఆ వేడి పోవుటకై దానిని రెక్కలుగల అల్యూమినియపు దిమ్మకు బిగింపవలెను. మావాడు దానిని కొయ్యపలకకు బిగించినాడు. ఇట్టి రిలే చెడునపుడు చాలసార్లు తెగిపోదు, అతుకుకొనిపోవును. చేయి పట్టిన పిడికిలి విప్పదన్నమాట. బుద్ధి చాలునన్నను నిప్పు ఆగదు.

దీనిని ముట్టకయే కనిపెట్టు ఉపాయ మొకటి కలదు. పాత్రలో నీరు నిండుగా పోసి, ఇంటిలోని దీపములు, పంకాలు అన్నియు ఆపి, కంట్రోలరును తక్కువ డిగ్రీలకు నిలుపవలెను. కంట్రోలరు దీపము ఆరియుండగా, ఇంటి మీటరుమీది చిన్న యెఱ్ఱదీపమును చూడవలెను. అది నిలకడగా నున్నచో, లేక ఎప్పుడో ఒకసారి మినుకుమన్నచో చేయి మంచిది. వడివడిగా మినుకుమనుచున్నచో చేయి విడువలేదని రూఢి. మఱియొక హెచ్చరిక: ఇట్టి రిలే ఆగియున్నపుడు కూడ కొంచెము కరెంటు దానిగుండ జాఱుచుండును. కావున రిలే ఆగినది గదా యని కడ్డీని ముట్టుట ప్రాణాపాయము. ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

రెండవ తప్పు ఎర్తు తీగ. హీటరు కడ్డీలో వేడెక్కు తీగకును పైగొట్టమునకును నడుమ తెల్లని పొడి దట్టింపబడియుండును. కడ్డీ కొనల మూతలు వదులై ఆ పొడికి చెమ్మ తగిలినచో, కరెంటు పాత్రలోనికి దిగును. ఎర్తు తీగ సరిగా నున్నచో ఆ కరెంటు భూమిలోనికి పోవును. మా యింట ఆ తీగ ప్లగ్గులో ఊడియున్నది. కనుక దానికి మావాని చేయియే దారియైనది. 30 మిల్లీ ఆంపియర్లు జాఱినంతమాత్రమున కరెంటును తెగగొట్టు రక్షణ స్విచ్చి దొరకును. ఇట్టి పనికి అది తప్పక యుండవలెను. అది మాటిమాటికి పడిపోవుచున్నదని విసిగి, దానిని తప్పించి తీగ కలుపుకొనువారు కలరు. అది పడిపోవుట రోగము కాదు. రోగమున్నదని అది మనకు చెప్పు మాట. ఊరికుక్క మొఱిగినదని కుక్కను కొట్టి దొంగను లోనికి రానిచ్చుట ఎట్టిదో, ఇదియు నట్టిదే.

మూడవది రోగము కాదు, రోగమువలె కనబడునది. కొన్ని సాయంకాలములందు రెండు గంటల పని మూడున్నర గంటలైనను తెమలదు. కడ్డీ చెడినదని తలంతురు. దీని కారణము తెలియవలెనన్నచో జౌల్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుని తలచుకొనవలెను. ఆయన 1818లో సాల్ఫర్డు పట్టణమున జన్మించెను. వారి కుటుంబవృత్తి బార్లీ నానబెట్టి, కాచి, పులియబెట్టి బీరు తయారుచేయుట. ఆ పనియందును వేడి రెండు మూడు డిగ్రీలు తప్పినచో సరకు మారిపోవును. అట్టి యింట పుట్టినవాడు వేడిని సూక్ష్మముగా కొలుచుటకు అలవాటుపడుట వింత కాదు. తీగలో పుట్టు వేడి కరెంటు వర్గమునుబట్టి యుండునని ఆయన 1841లో ప్రకటించెను. నేడు ఆ దేశములలో కొందఱు గృహస్థులు ఇంటిలోనే చిన్న పాత్రలలో బీరు కాచుకొనుచున్నారు. వారు వాడునదియు ఇట్టి కడ్డీయే, ఇట్టి కంట్రోలరే. వారికి వచ్చు చిక్కులును ఇవియే.

జౌల్ చెప్పిన సూత్రము మన పెరటిలో ఎట్లు పనిచేయునో చూడుడు. ఊరిలో మోటార్లన్నియు తిరుగు వేళ ఓల్టులు 230 నుండి 180కి దిగినవనుకొందము. ఓల్టులు నూటికి 22 పాళ్లు తగ్గినవి గదా, వేడియు అంతే తగ్గునని తోచును. అట్లు కాదు. వర్గమునుబట్టి తగ్గును. 3000 వాట్ల కడ్డీ అప్పుడు సుమారు 1840 వాట్లు మాత్రమే యిచ్చును. అనగా అయిదింట మూడు పాళ్లు. కావున నిప్పు మందమైనదని కడ్డీని విప్పుటకు పూర్వము ఓల్టులు కొలిపించుడు. ఓల్టులు సరిగానుండియు కడ్డీ వేడెక్కకున్నచో, ప్లగ్గు ఊడదీసి దాని నిరోధమును కొలిపింపవలెను. 3000 వాట్ల కడ్డీకి అది 17, 18 ఓములుండవలెను. మీటరు అంతులేని నిరోధము చూపినచో తీగ తెగినదని యర్థము.

ఇంకొక్క సంగతి. పరికరమున కెఱుకలేనివి కొన్ని కలవు. రసము మరుగుచున్నంతసేపు, మంట యెంత పెంచినను వేడి 100కు దరిదాపుననే యుండును. పెరుగునది పొంగు మాత్రమే. సూచికి పొంగు కనబడదు. నురుగు అంచు దాటి పోవుచున్నను అది "ఇంకను 105 కాలేదు" అని మంట వేయుచునే యుండును. అట్లే రసము తగ్గి కడ్డీ బయటపడినను దానికి తెలియదు. బయటపడిన కడ్డీ యెఱ్ఱబారి పాకమును మాడ్చి తానును చచ్చును. కావుననే ముదురుపాకమును, దిమ్మ కట్టు పాకమును ముంచుడు కడ్డీతో కాచుట తగదు. మఱియు మంట ఆపిన క్షణముననే వేడి ఆగదు. కడ్డీలోను, పాత్రలోను మిగిలిన వేడి మఱికొంత పైకి నెట్టును. మన పెనముకాడు ఇది యెఱిగియే పాకము వచ్చుటకు ముందే మంట లాగించును. మంచి కంట్రోలరులు కొన్ని ఈ ముందుచూపును లెక్కలతో నేర్చుకొనును. నేర్పనిచో నేర్వవు.

ఇప్పుడు నేను చెప్పినదానిని క్రమముగా మరల చెప్పెదను. పాకము తప్పినపుడు మొదట కరెంటు తీయుడు. ఎర్తును, రక్షణ స్విచ్చిని సరిచూపించుడు. పిమ్మట కన్నును మరుగునీటితో పరీక్షించుడు. ఆ వెనుక బుద్ధి చాలునన్నపుడు చేయి విడిచినదా లేదా యని మీటరు దీపముతో చూడుడు. అటుపిమ్మట ఓల్టులు, చివరకు కడ్డీ. ఈ వరుస తప్పి, తోచిన భాగమునెల్ల మార్చువాడు అంగడివానికి లాభము చేయును. కరెంటు తీయక చేయి పెట్టువాడు ఇంటివారికి తీరని దుఃఖము తెచ్చును.

తీగలు విప్పు పనిని తెలిసినవానికే విడువుడు. కాని ఏ ప్రశ్న ముందడుగవలెనో, ఏది వెనుక అడుగవలెనో పెద్దలు చెప్పగలరు. మా మామకు కంట్రోలరు లోపల నేమున్నదో ఈనాటికిని తెలియదు. అయినను సాక్ష్యమును పరీక్షింపక తీర్పు చెప్పరాదని ఆయనకు తెలియును. మీ యిండ్లలో కుఱ్ఱవాండ్రు ఇట్టి క్రొత్త పనులు పెట్టుకొన్నచో వారిని వారింపకుడు. ప్రక్కన కూర్చుండుడు. చేయి చిమచిమలాడినచో దాచక చెప్పునంతటి చనువు మాత్రము వారికీయుడు.

మా కుఱ్ఱవాడు మరల పాకము కాచుచున్నాడు. పొయ్యి వెలిగించుటకు ముందు ప్రతిదినమును ఒక చెంబెడు నీళ్లు మరిగించి అంకె చూచుకొనుచున్నాడు. అప్పు సగము తీరినది. మొన్నటి సంక్రాంతికి తొలి సీసా మా మామకు తెచ్చి యిచ్చినాడు. ఆయన చుక్కను వ్రేళ్లనడుమ సాగదీసి, తీగ చూచి, "కుదిరినది" అనెను.